అందరూ ఒకేసారి నొక్కిన రోజు

నేను ప్రోగ్రాములు రాయడం మానేసి మూడేళ్ళయింది. విసుగొచ్చి మానలేదు. వయసొచ్చిందని కేకు కోయించి, శాలువా కప్పి పంపించేశారు. ఆ రోజు మాట్లాడమంటే నాలుగు ముక్కలు మాట్లాడాను, నాలుగూ నా గొప్పలే. అసలు చెప్పవలసిన సంగతి చెప్పకుండా మైకు దింపేశాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు మీరెవరైనా చదువుతారేమోనని ఇప్పుడు రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. ఇందులో ఉన్నవాళ్ళంతా క్షేమంగా ఉన్నారు, ఫోన్ చేసి మరీ తిట్టగలరు.

మా ఆఫీసు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క సందులో, ఫ్యాన్ల హోల్‌సేల్ దుకాణం మీద, రెండో అంతస్తులో ఉండేది. పదిమందిమి పనిచేసేవాళ్ళం. నేను కొండపల్లి నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. అందరిలోకీ పెద్దవాణ్ణి. ప్రొప్రైటర్ గారు కూడా నన్ను ‘గురువుగారూ’ అనే పిలిచేవారు. ఆ పిలుపుతో నాకు కాస్త తల తిరిగిన మాట నిజం. మిగతావాళ్ళు రాసిన కోడు నేను చూసేవాణ్ణి. నా కోడు ఎవరూ చూసేవారు కారు. చూస్తామని ఎవరైనా అన్నా ఊరుకునే మనిషిని కాను.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. కొత్త ప్రోగ్రాం తయారవగానే అందరం ఒక కంప్యూటర్ చుట్టూ చేరేవాళ్ళం. ప్రొప్రైటర్ గారు కుర్చీలో కూర్చుని తన చేత్తో బటన్లు నొక్కేవారు. వెనకాల మేమంతా నిలబడి, ‘ఇప్పుడు కుడిపక్కది నొక్కండి, ఆఁ, అదేనండి’ అంటూ ఉండేవాళ్ళం. అనుకున్నది తెర మీదకి రాగానే కింద నుంచి టీ వచ్చేది. టీ వచ్చిందంటే ప్రోగ్రాం పరీక్ష పాసయినట్టే. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది, బాగానే నడిచింది.

అలా ఉండగా కొల్లేటి పక్క ఒక ఊళ్ళోని చేపల ప్యాకింగ్ సంఘం వాళ్ళు మా దగ్గరకి వచ్చారు. చుట్టుపక్కల చెరువుల్లో చేపలు పట్టే రోజున ఏ రైతు చెరువు దగ్గరకి ఏ లారీ వెళ్ళాలి, అందులో ఐసు ఎంత వెయ్యాలి, సరుకు ఏ ఊరి మార్కెట్టుకి పోవాలి అన్నది వాళ్ళే చూస్తారు. సంఘం ఆఫీసులో ఆరుగురు గుమాస్తాలు. అప్పటిదాకా అంతా నోటుపుస్తకాల మీద నడిచేది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు.

ఆ పని ఇద్దరికి పడింది. తెర మీద కనిపించే పేజీలు రాయడానికి ఒక అమ్మాయి. వెనకాల లారీలూ ఐసూ చూసుకునే సర్వీసు రాయడానికి నేను. అమ్మాయిది బందరు. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకెళ్ళే బోటులో పనిచేసేవారు. ఇంజనీరింగు చదివి, మా ఆఫీసులో ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరింది. ఆ నెలాఖరుకి ఆరు నెలలూ నిండుతాయి. ఖాయం చేస్తే విజయవాడలో ఉంటుంది, లేకపోతే హాస్టలు గది ఖాళీ చేసి బందరు బస్సెక్కాలి. ఇంటి దగ్గర మాత్రం ఉద్యోగం ఖాయమైనట్టే అని చెప్పేసిందట. ఆ ముక్క నాతో ఒకసారి టీ తాగుతూ నవ్వుతూనే చెప్పింది. చాలా తక్కువ మాట్లాడే పిల్ల. ఏం చెప్పినా ‘సరేనండి’ అనేది.

ఇక్కడ కాస్త పని గురించి చెప్పాలి, ఓపిక పట్టండి. జావా భాషలో వెబ్ పేజీలు రాయడానికి రకరకాల ఫ్రేమ్‌వర్కులు, అంటే ముందే కట్టిపెట్టిన చట్రాలు, ఉన్నాయి. మేం వాడినదాంట్లో పేజీకి జ్ఞాపకం ఉంటుంది. గుమాస్తా మొదటి మెట్టులో రైతు పేరు ఎక్కించి, రెండో మెట్టులో లారీ ఎంచుకుని, మూడో మెట్టులో ఊరు రాసేదాకా, ముందు చేసిందంతా ఆ పేజీ గుర్తుపెట్టుకుంటుంది. అయితే పేజీ తనకి కావలసిన పనిముట్లను తాను తయారుచేసుకోదు. ఫ్రేమ్‌వర్కే తెచ్చి చేతికందిస్తుంది. దాన్నే డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. పేరు వింటే భయమేస్తుంది గానీ, సంగతి పెళ్ళిభోజనాల్లాంటిదే. పంక్తిలో కూర్చున్నవాడు గరిటె పట్టుకుని వంటశాలలోకి పోడు, వడ్డించే మనిషి అతని దగ్గరకే వస్తాడు. పంక్తి మొత్తానికి వడ్డించే మనిషి ఒక్కడైనా ఫర్వాలేదు. విస్తరి మాత్రం ఎవరిది వాళ్ళకి ఉండాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే తర్వాత కథంతా మీకు అర్థమైపోతుంది.

ప్రోగ్రాం తయారైంది. మా ఆచారం ప్రకారం టీ వచ్చింది. సంఘం ఆఫీసులో రెండు వారాలు వాడి చూశారు, ఒక్క తప్పూ రాలేదు. నోటుపుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టేశారు. నేను ఆఫీసులో చొక్కా కాలరు సర్దుకుంటూ తిరిగాను.

మూడో వారం బుధవారం ఉదయం తొమ్మిదింటికి సంఘం ప్రెసిడెంటు గారి ఫోను. ఐసు నింపుకున్న లారీ ఒక రైతు చెరువు గట్టు మీదకి వెళ్ళి హారను కొడుతోందట. ఆ రైతు పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చి, “ఎవరు పంపార్రా మిమ్మల్ని? నేను రాయించింది పై నెలకి, నా చేపలింకా అరచెయ్యంత కూడా లేవు,” అని డ్రైవరు మీద పడ్డాడట. ఆ లారీ వెళ్ళవలసింది మూడు మైళ్ళ అవతల ఒకావిడ చెరువుకి. అక్కడ వల లాగేశారు, శీలావతి చేపలూ బొచ్చెలూ ట్రేలకెక్కి కూర్చున్నాయి. ఐసూ లేదు, లారీ లేదు. పక్క చెరువుల వాళ్ళు తలా కాస్త ఐసు పంపబట్టి సరుకు దక్కింది, అదీ ఊరి సంతలో అమ్ముకోవలసి వచ్చింది.

ప్రెసిడెంటు గారు ఒకటే మాట అన్నారు. “శనివారం మధ్యాహ్నం వరకు చూస్తానండి. మీరు సరిచేసి నా ముందు చూపిస్తే సరే. లేదంటే అటక మీద పుస్తకాలు దింపించేస్తాను.”

ప్రొప్రైటర్ గారు ఫోను పెట్టేసి అమ్మాయి వైపు తిరిగారు. “ఒకరి పేరు ఎక్కిస్తే ఇంకొకరి పేరు కనిపించిందట. ఆ పేజీలు రాసింది నువ్వే కదమ్మా?”

“నేనేనండి,” అంది.

నేను పక్కనే ఉన్నాను. ‘వెనకాల సర్వీసు నాది, అదీ చూద్దాం’ అని అనవచ్చు. అనలేదు. నా కోడులో తప్పుంటుందన్న ఊహే రాలేదు నాకు. కొత్తపిల్ల, ఎక్కడో తొందరపడి ఉంటుందని మనసులో జాలిపడ్డాను కూడా. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందరం కంప్యూటర్ చుట్టూ చేరాం. ప్రొప్రైటర్ గారు నలభైసార్లు నొక్కారు. నలభైసార్లూ అన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆయనకి వేలు నొప్పి పుట్టింది, మాకు కాళ్ళు పీకాయి, తప్పు మాత్రం దొరకలేదు. ఇక లాభం లేదని గురువారం పొద్దున్నే నేనూ ఆ అమ్మాయీ బస్సెక్కి సంఘం ఆఫీసుకి వెళ్ళాం.

అక్కడ ఆరు బల్లలు, ఆరు కంప్యూటర్లు. ఒక కుర్చీ ఖాళీగా ఉంది. అది పెద్దగుమాస్తా గారిది. మేనకోడలి పెళ్ళికని మంగళవారం నుంచి శుక్రవారం దాకా సెలవు పెట్టారు. మిగతా అయిదుగురూ మా చుట్టూ చేరి, తమ తప్పేం లేదని తలా ఒక కథ చెప్పారు. నేను గంభీరంగా తలాడించాను. అమ్మాయి మాత్రం ఆ ఖాళీ కుర్చీ వైపే చూస్తూ అడిగింది. “ఆయన ఉన్నప్పుడు పని ఎలా చేసుకుంటారండి?”

“ఎలా ఏముందమ్మా, ముందు బాబాయిగారు తన బుకింగులు పూర్తిచేసుకుంటారు. ఆయన కానిచ్చాక మేం ఒకళ్ళ తర్వాత ఒకళ్ళం. ఆయన పని మధ్యలో మేం చెయ్యిపెడితే ఏం బావుంటుంది?”

“బుధవారం లారీలు బుక్ చేసిన రోజు ఆయన లేరు కదండి?”

“లేరు కాబట్టి అందరం ఒక్కసారే కూర్చున్నాం. పది నిమిషాల్లో అయిపోయింది.”

అమ్మాయి నా వైపు చూసింది. “సార్, మీరు ఆ బల్ల దగ్గర కూర్చోండి. నేను ఈ బల్ల దగ్గర కూర్చుంటాను. మూడు అనగానే ఇద్దరం ఒకేసారి నొక్కుదామండి.”

నేను ఎవరో ఒక రైతు పేరు ఎక్కించాను. తను ఇంకో పేరు ఎక్కించింది. ఒకటి, రెండు, మూడు. నొక్కాం. నా తెర మీద తన రైతు ప్రత్యక్షమయ్యాడు.

రెండు వారాల పాటు మా ప్రోగ్రామును కాపాడింది నా తెలివితేటలు కావు, పెద్దగుమాస్తా గారి మీద వాళ్ళకున్న గౌరవం. మా ఆఫీసులోనూ అంతే. ప్రొప్రైటర్ గారు నొక్కుతుంటే పక్క కంప్యూటర్లో ఇంకొకరు నొక్కడమా, అంత మర్యాద తక్కువ పని మాలో ఎవరు చేస్తారు?

ల్యాప్‌టాప్ తెరిచాం. అమ్మాయి రాసిన పేజీలు వరసగా చూశాను. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. తర్వాత నా సర్వీసు తెరిచాను. పైనుంచి నాలుగో వరుసలో ఉంది. ‘ప్రస్తుత బుకింగు’ అని ఒకే ఒక్క గడి. ఫ్రేమ్‌వర్కు ఆ సర్వీసును ఒక్కదాన్నే తయారుచేసి, ఆరుగురి పేజీలకీ దాన్నే అందిస్తోంది. అది దాని ధర్మం. రైతు పేరూ లారీ నంబరూ ఎవరి పేజీలో వాళ్ళకి ఉండవలసింది పోయి, నేను తీసుకెళ్ళి సర్వీసులో పెట్టాను. అంటే వడ్డించే మనిషి చేతిలో ఒకే విస్తరి పెట్టి, పంక్తి మొత్తాన్నీ అందులోనే తినమన్నాను. ఒక మెషీను ముందు ఒకే మనిషి కూర్చునే కాలంలో ఈ పని నేర్చుకున్నవాణ్ణి. చెయ్యి పాత దారినే పోయింది.

ఆ వరుస ఎవరు రాశారో ఇద్దరికీ తెలుసు. అప్పుడు నేనన్న మాట ఇది. “ఎవరు రాశారన్నది ఇప్పుడెందుకులే అమ్మా, ముందు సరిచేద్దాం.”

“సరేనండి,” అంది.

తిరుగు బస్సులో ఆ ‘సరేనండి’ నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. తను ఒక్క మాట ఎదురు చెప్పి ఉంటే కోపం తెచ్చుకుని తప్పించుకునేవాణ్ణి.

శుక్రవారం నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. తప్పు నాదే కాబట్టి నేనే దిద్దుతానన్నాను. బుకింగును పేజీలోకి మార్చాను, అంతవరకు బాగుంది. అక్కడితో ఆగితే నేనెందుకవుతాను? ఈ ఫ్రేమ్‌వర్కు అందించే సర్వీసూ వద్దు, ఏమీ వద్దు, ప్రతి పేజీకి దాని సొంత సర్వీసును నేనే తయారుచేసి లోపల పెట్టేస్తానని పెట్టేశాను. ఈ ఫ్రేమ్‌వర్కులో పేజీని నొక్కినప్పుడల్లా అది తన ఒంటి మీదున్నదంతా మూటగట్టి సర్వర్లో దాచుకుంటుంది. ఇప్పుడు పేజీతో పాటు సర్వీసు, సర్వీసుతో పాటు డేటాబేసు, దాని వెనకున్న సరంజామా అంతా మూటలోకి ఎక్కబోయింది. ఒక్కొక్కరూ తమ వంటవాణ్ణీ పొయ్యినీ వెంటబెట్టుకుని పంక్తిలోకి వచ్చినట్టయింది. మధ్యాహ్నానికల్లా సర్వర్ చతికిలబడింది.

అమ్మాయి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. “సార్, బుకింగు పేజీలోనే ఉండనివ్వండి, అది కరెక్టేనండి. సర్వీసు మాత్రం మళ్ళీ ఫ్రేమ్‌వర్కునే ఇవ్వనిద్దాం. పేజీ చేతిలో సర్వీసు ఉండక్కర్లేదు, అదెక్కడ దొరుకుతుందో రాసిన చీటీ ఉంటే చాలు. మూటగట్టినా చీటీయే వెళ్తుంది. పనిపడ్డప్పుడు ఆ చీటీ చూసి ఫ్రేమ్‌వర్కు పిలుచుకొస్తుంది.”

“అలాంటి సదుపాయం ఉందా దీన్లో?”

“మొదటి నుంచీ ఉందండి. నేను రాసిన మిగతా పేజీలన్నీ అలాగే ఉన్నాయి.”

నా కోడులోంచి నలభై వరుసలు కొట్టేసి ఆరు వరుసలు రాసింది. ఈసారి కంప్యూటర్ చుట్టూ చేరడాలు లేవు. ఆఫీసులో పదిమందిని పది కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, చేత్తో సైగ చేసి, అందరి చేతా ఒకేసారి నొక్కించింది. ఎవరి రైతు వాళ్ళకే వచ్చాడు. తనొక్కడే నొక్కే భాగ్యం పోయిందని ప్రొప్రైటర్ గారు కాస్త చిన్నబుచ్చుకున్నట్టు కనిపించారు.

శనివారం ప్రొప్రైటర్ గారి కారులో ముగ్గురం సంఘం ఆఫీసుకి వెళ్ళాం. దారి పొడుగునా చెప్పేద్దామనుకుంటూనే ఉన్నాను. గుడివాడ దాటాక చెబుదామనుకున్నాను. ఆ తర్వాత, ఆఫీసు వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చేసింది.

ప్రెసిడెంటు గారు ఉన్నారు. లారీ రాక చేపలు ఎండలో పెట్టుకుని కూర్చున్న ఆ చెరువు ఆవిడా వచ్చారు, యాభై అయిదేళ్ళుంటాయి, చేతిలో మజ్జిగ గ్లాసు. పెళ్ళి ముగించుకుని పెద్దగుమాస్తా గారు కూడా వచ్చేశారు. ప్రొప్రైటర్ గారు చేతులు జోడించి మొదలుపెట్టారు. “జరిగినదానికి చాలా విచారిస్తున్నామండీ. అమ్మాయి పనికి కొత్త, తెలియక పొరపాటు చేసింది. ఈ నెలతో ఆవిడ ప్రొబేషను కూడా అయిపోతుంది. ఇక మీ పని మా సీనియరు గారే స్వయంగా…”

అమ్మాయి తలదించుకుని ల్యాప్‌టాప్ వైరు విప్పుతోంది. ఆ వైరులో ముడి లేదు, అయినా విప్పుతోంది.

“ఆగండి,” అన్నాను. “తప్పు నాది.”

ప్రొప్రైటర్ గారు నా మోచేయి పట్టుకున్నారు. “గురువుగారూ, తర్వాత మాట్లాడుకుందాం.”

“తర్వాత వద్దండి. పేజీలన్నీ ఈ అమ్మాయి రాసింది, వాటిలో తప్పు లేదు. లారీ దారి తప్పింది నేను రాసిన ముక్క వల్ల. కనిపెట్టింది తను. నిన్న నేను దిద్దబోయి ఇంకా పాడుచేస్తే బాగుచేసిందీ తనే. నాకు గురువారమే తెలుసు, ఇవాళ్టిదాకా నోరు విప్పలేదు.”

ప్రెసిడెంటు గారు నన్ను పైనుంచి కిందకి చూశారు. “మీకెన్నేళ్ళ సర్వీసండీ?”

“ఇరవై ఎనిమిది.”

“అన్నేళ్ళు చేసి ఇదా?” అన్నారు. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

చెరువు ఆవిడ గ్లాసు కింద పెట్టారు. “ఎవరి తప్పయితే నాకేంటండీ. మా లారీ మా చెరువుకే వస్తదా రాదా, అది చెప్పండి.” అమ్మాయి వైపు తిరిగి, “ఏమ్మా, నువ్వు చెప్పు,” అన్నారు.

“వస్తుందండి. మీ కళ్ళ ముందే చూపిస్తాను. ఆరుగురూ ఒకేసారి నొక్కాలి.”

అక్కడొచ్చింది అసలు చిక్కు. అయిదుగురు గుమాస్తాలూ కూర్చున్నారు, పెద్దగుమాస్తా గారూ కూర్చున్నారు, అమ్మాయి మూడు అంది. ఆయనొక్కరే నొక్కారు. మిగతా అయిదుగురూ చేతులు గాల్లో పెట్టుకుని ఆయన ముగించేదాకా ఎదురుచూశారు. రెండోసారీ అంతే. ప్రెసిడెంటు గారు తల పట్టుకున్నారు. మూడోసారి అమ్మాయి ఆయన దగ్గరకి వెళ్ళి చెప్పింది. “బాబాయిగారూ, వాళ్ళు మీ మీద మర్యాదతో నొక్కట్లేదండి. మీరే గట్టిగా అనాలి.”

పెద్దగుమాస్తా గారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. “ఒరేయ్, ఇవాళ నా కంటే వెనకబడ్డవాడితో వారం రోజులు పలకను,” అని కూర్చున్నారు.

ఒకటి, రెండు, మూడు. ఆరు చప్పుళ్ళు కలిసి ఒక్క చప్పుడైంది. చెరువు ఆవిడ బల్ల బల్లకీ తిరిగి ఆరు తెరలూ చూశారు. నాలుగో తెర దగ్గర ఆగి, తన పేరు మీద వేలు పెట్టారు. “నా లారీ,” అన్నారు. ఎంత తృప్తిగా అన్నారో చెప్పలేను. మళ్ళీ చేయించారు, ఇంకోసారి చేయించారు. ఎవరి లారీ వాళ్ళకే వచ్చింది. ప్రెసిడెంటు గారు పుస్తకాలు దింపే మాట మళ్ళీ ఎత్తలేదు, అందరికీ భోజనాలు చెప్పారు. చేపల పులుసు పెట్టారు. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను.

వచ్చేటప్పుడు కారు ప్రొప్రైటర్ గారే నడిపారు. గుడివాడ దాటాక అద్దంలోంచి వెనక సీటు వైపు చూసి, “సోమవారం వచ్చి నీ కన్ఫర్మేషన్ లెటరు తీసుకోమ్మా,” అన్నారు. అమ్మాయి ‘సరేనండి’ అనబోయి, సగంలో ఆపేసి, కిటికీ వైపు తిరిగింది. నాకూ కళ్ళు చెమర్చాయి. పులుసులో కారం ఎక్కువైందని చెప్పాను.

ఆయన ఇంకా వదల్లేదు. “గురువుగారూ, ఇక మీదట మీ కోడు కూడా ఎవరో ఒకరు చూడాలండి. ఎవర్ని చూడమంటారు?”

ఆ మాటకి ఒకప్పుడయితే కారు ఆపించి దిగిపోయేవాణ్ణి. “వెనక సీట్లో ఉంది కదండీ,” అన్నాను.

మరుసటి గురువారం ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ప్రింటు తీసి, అమ్మాయి బల్ల మీద పెట్టాను. మూడుసార్లు సరిచూసుకుని మరీ పెట్టాను, వంక పెట్టడానికి వీల్లేకుండా. మధ్యాహ్నానికి కాగితాలు తిరిగొచ్చాయి. పక్కన పెన్సిలుతో, చక్కటి అక్షరాలతో, పన్నెండు తప్పులకి గుర్తులు పెట్టి ఉన్నాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కిందకి పోయి ఒక టీ తాగాను. చాలక ఇంకో టీ తాగాను. తర్వాత పైకొచ్చి, కుర్చీ లాక్కుని తన పక్కన కూర్చున్నాను.

“మొదటిదాంతో మొదలుపెట్టు తల్లీ,” అన్నాను.

తను పట్టిన పన్నెండూ నిజంగా తప్పులే. పదమూడోది నేనే చూపించాను.